భీమిలిలో అద్దెకుంటున్న ఫారినర్

2024 మే 13న మా వీధిలో పెద్దవాళ్ళందరి వేలికీ సిరా గుర్తుంది, మా ఇద్దరికీ తప్ప. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఓటేసి వచ్చేసిన మా ఇంటి ఓనరుగారు (మేం పిన్నిగారూ అని పిలుస్తాం) మెట్ల దగ్గర ఆగి, కాఫీ కప్పులతో కూర్చున్న మమ్మల్ని చూసి "ఏటమ్మా, ఇంకా బయల్దేరలేదా, ఎండెక్కిపోతాది" అన్నారు. మాకు ఓటు లేదండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. "మహారాణిపేటలో పుట్టేనంటావు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివేనంటావు, ఓటు లేదంటావేటి?"

నేను అమెరికా పౌరురాలినండీ, కాగితాల ప్రకారం ఇక్కడ ఫారినర్ని అని చెప్పాను. ఆవిడ నా చీర వంకా, కాళ్ళకున్న హవాయి చెప్పుల వంకా ఒకసారి చూసి, నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రానికి వీధంతా పాకిపోయింది, కింద పోర్షన్ వాళ్ళు ఫారినోళ్ళంట అని.

నిజమే కదా. 1955 పౌరసత్వ చట్టంలో 9వ సెక్షన్ అని ఒకటుంది, మనంతట మనం ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం దానంతటదే పోతుంది, ఎవరూ తీసెయ్యక్కర్లేదు. నాకు 2008లో పోయింది. ఆ తర్వాత తీసుకున్నది ఓసీఐ కార్డు, ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా. పేరులో సిటిజన్ అని ఉంది కాబట్టి చాలామంది రెండు పౌరసత్వాలు ఉన్నాయనుకుంటారు, మా చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. అదొక జీవితకాలపు వీసా, అంతే. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మ్యూజియం టికెట్టు కూడా లోకల్ రేటే. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు, పొలం కొనుక్కునే వీలు లేదు. ఈ చివరిదాని గురించి కింద చాలా చెప్పాలి.

అసలు భీమిలి మా లిస్టులోనే లేదు. మావారు లెక్కల మనిషి, ముందే రిటైరవుదాం అనుకున్నప్పటినుంచి ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని, చవగ్గా, వెచ్చగా, చిన్నగా ఉండే ఊళ్ళన్నీ అందులో ఎక్కించుకుంటూ పోయారు. మా ఆఫీసులో తెల్లవాళ్ళు ఒకరిద్దరు అలా వెళ్ళి స్థిరపడినవాళ్ళే, ఆ కబుర్లు విని మాకూ పట్టుకుంది. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై అన్నారు. 50 ఏళ్ళు దాటితే రిటైర్మెంట్ వీసా ఇస్తారు, కానీ అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలి, పైగా 90 రోజులకోసారి ఇక్కడే ఉన్నామని ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి రిపోర్ట్ చేసుకోవాలి. పనామాలో బొకెటే అన్నారు. నెలకు 1,000 డాలర్ల పెన్షన్ జీవితాంతం వస్తుందని చూపిస్తే చాలు, డాలర్లే చెల్లుతాయి కాబట్టి మార్చుకునే గొడవ లేదు. అక్కడ కొండల మీద చల్లగా కూడా ఉంటుందట. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, జబ్బు చేసినప్పుడు డాక్టరుకి ఎక్కడ నొప్పో స్పానిష్‌లో చెప్పాలంటే నావల్ల కాదని నేనన్నాను. అప్పుడు షీట్ చివర ఆయనే భీమిలి అని ఒక వరస కలిపారు. వీసా ఉంది. భాష ఉంది. "చేపల పులుసు" అని ఇంకో గడి కూడా పెట్టి, మిగతా ఊళ్ళన్నిటికీ అందులో సున్నా వేసేశారు.

భాష ఉంది అన్నది సగమే నిజమని తర్వాత తెలిసింది. మావారిది గుంటూరు. వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన చాలా మర్యాదగా "మీకు గుంటలెంతమంది బాబూ?" అని అడిగితే, పెరట్లో కొబ్బరి మొక్కల కోసం తవ్వించిన గుంటల గురించనుకుని "మూడండీ, ఇంకోటి తవ్వించాలి" అని చెప్పి వచ్చారు. ఇక్కడ గుంటలంటే పిల్లలు. నాకు తెలిసిన మాటే అయినా ముందుగా చెప్పాలని తోచలేదు, అంత మరిచిపోయాను. నా తెలుగు 1996లో విమానం ఎక్కిన రోజున ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది.

దానికి తోడు ప్రతి మాటకీ థాంక్యూ. ఆటో దిగితే థాంక్యూ, పాలపాకెట్టు అందుకుంటే థాంక్యూ. చేపలు తెచ్చే అక్క మూడో నాడో నాలుగో నాడో ఇక ఉండబట్టలేక "డబ్బులిచ్చింది నువ్వు, మళ్ళీ తాంక్యూ నువ్వే సెప్తావేటమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ నోరు జారుతూనే ఉంటుంది, ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంటుంది.

ఊరి గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ పాతిక ముప్ఫై కిలోమీటర్లు వస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది భీమిలి, పెద్దపేరు భీమునిపట్నం. 1861లోనే మునిసిపాలిటీ అయింది, ఇప్పుడు మహావిశాఖలో కలిసిపోయింది. 900కె బస్సెక్కితే సముద్రం పక్కనే ఊళ్ళోకి వచ్చెయ్యొచ్చు, టికెట్టు ధరకి అంతకంటే మంచి ప్రయాణం నేనైతే ఎక్కడా చెయ్యలేదు. కూరగాయలు, బట్టలు, హార్డ్‌వేర్ సామాన్లంటే తగరపువలస వెళ్ళాలి. సినిమా, పెద్ద డాక్టరు అంటే వైజాగే.

ఇక అందరూ అడిగేది, ఎంతవుతుంది అని. మాది రెండు బెడ్‌రూములు, హాలు, వెనక కొంచెం పెరడు, బీచ్‌కి ఏడెనిమిది నిమిషాల నడక. అద్దె 13 వేలు. కరెంటు మామూలు నెలల్లో రెండు వేలు, మే నెలలో ఏసీ ఆపలేం కాబట్టి నాలుగు దాటుతుంది. పనమ్మాయికి మూడు వేలు, చేపలకీ రొయ్యలకీ సిగ్గు లేకుండా ఐదారు వేలు. అన్నీ కలిపి నెలకు 60 వేలు దాటనివ్వం, అందులోనే వారానికోసారి వైజాగ్ వెళ్ళి రావడం కూడా. ఇన్సూరెన్సూ, పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే టికెట్లూ వేరే. అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో మా ఇంటికి ఏడాదికి కట్టిన ప్రాపర్టీ టాక్స్ ఒక్కటే 11 వేల డాలర్లు, అంటే తొమ్మిది లక్షల పైమాట. ఇల్లు మనదే, అప్పంతా తీరిపోయింది, అయినా ఊరికే అక్కడ ఉన్నందుకు కట్టేది. ఆ డబ్బుతో ఇక్కడ ఏడాది గడిచి, ఇంకా మూడు నెలలకి మిగులుతుంది.

ఈ లెక్క చూసి మా స్నేహితులు ఎంత చవకో అని ఆశ్చర్యపోతుంటారు. నేనూ మొదట్లో అలాగే అనేదాన్ని, ఒకసారి పిన్నిగారి ముందు కూడా అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత తెలిసిందేంటంటే మాకు ముందు ఈ ఇంట్లో ఉన్న టీచరుగారు కట్టింది 8 వేలు. ఖాళీ చేశాక రంగులు వేయించి ఆవిడ 13 అని చెప్పారు, ఎవరైనా బేరమాడతారు కదా అని కొంచెం పెంచి చెప్పారట. మేం మనసులో డాలర్లలోకి మార్చుకుని నూట యాభయ్యా, ఇంతేనా అనుకుని సరేనండీ అనేశాం. ఆవిడే కంగారు పడ్డారట! నాలుగు నెలలు తిరగకుండా రెండిళ్ళ అవతల ఓనరు, కింద పోర్షన్‌కి ఫారినోళ్ళు 13 ఇస్తున్నారు నీకేం తక్కువ అని, పదేళ్ళుగా ఉంటున్న ఒక కుటుంబానికి అద్దె పెంచేశారు. ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. వాళ్ళు తగరపువలస వైపు ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు, పిల్లలకి రోజూ ఆటో.

భోగాపురంలో విమానాశ్రయం పని మొదలయ్యాక ఎలాగూ ఇటువైపు రేట్లన్నీ పెరుగుతున్నాయి, మీ ఒక్కరివల్ల కాదులే అని అందరూ సర్ది చెప్పారు. ఉండొచ్చు. కానీ ఆ వీధిలో ఆ నెలలో పెరిగింది మా వల్లే. చవక ఊరు అన్న మాట ఇప్పుడు నా నోట రావట్లేదు, వచ్చినా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. సంపాదన ఒక చోటా, ఖర్చు ఇంకో చోటా పెట్టుకున్నవాళ్ళకి మాత్రమే ఇది చవక. ఇక్కడ సంపాదించి ఇక్కడే తినేవాళ్ళకి భీమిలి ఎప్పుడూ చవక కాదు. చియాంగ్ మైలో తెల్లవాళ్ళ గురించి చదివినప్పుడు, పాపం అక్కడివాళ్ళకి అద్దెలు పెంచేశారు అనుకున్నాం మేం. అదే పని మన ఊళ్ళో మనవాళ్ళకి, తెలుగు మాట్లాడుతూ చేశాం.

సరే, మొదటి ఆరు నెలల సంగతి. ఆధార్ లేకపోతే ఇక్కడ మనిషికి నీడ కూడా పడదు. ఓసీఐ వాళ్ళకి ఆధార్ ఇస్తారు, కానీ అప్లై చేసే ముందు ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉండి ఉండాలి. అంటే వచ్చిన మర్నాటినుంచీ అందరూ అడిగే కార్డు ఆరు నెలల తర్వాత గానీ చేతికి రాదు. ఈలోగా గ్యాస్ కనెక్షన్‌కి వెళితే ఒక ఏజెన్సీలో నా ఓసీఐ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటిది మేమెప్పుడూ చూడలేదమ్మా, ఆధార్ తీసుకురండి అన్నారు. అద్దె అగ్రిమెంటు, పాస్‌పోర్టు చూపించినా అదే మాట. ఇండక్షన్ పొయ్యి మీద ఆరు నెలలు వండాను, కరెంటు పోతే ఐదు కేజీల చిన్న సిలిండర్, అదైతే ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించి డబ్బిస్తే ఇస్తారు. గుత్తివంకాయ ఇండక్షన్ మీద కుదరదు, ఎవరేమన్నా సరే. ఇప్పుడు ఆధార్ వచ్చింది, మా బాపతు వాళ్ళకి పదేళ్ళే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ చేయించుకోవాలి.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది, ఉప్పు గాలి. ఫొటోల్లో పడదు అది. బాల్కనీలో నిలబడి సముద్రం వంక చూస్తూ ఆహా అనుకుంటుంటే మన వెనకాల తలుపు బందులు తుప్పు పడుతుంటాయి. మొదటి ఏడాదిలోనే ఏసీ బయటి యూనిట్ కాయిల్ తినేసింది. మిక్సీ స్క్రూలు, గ్యాస్ స్టాండు, గొడుగు ఊచలు, మావారు ఎంతో ప్రేమగా ఓడలో వేయించుకొచ్చిన రెంచీల సెట్టు, అన్నీ ఎర్రబడ్డాయి. మెకానిక్ కుర్రాడు వచ్చి "భీమిలిలో ఇనుం ఉంచుకోకూడద్సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇత్తడి బందులు, ప్లాస్టిక్ చట్రాల కిటికీలు, ఫ్రిజ్ కింద చెక్కబల్ల, రెండు వారాలకోసారి తడిగుడ్డతో ఏసీ తుడవడం, ఇవన్నీ పక్కింటివాళ్ళని చూసి నేర్చుకున్నాం. బోరు నీళ్ళు కూడా ఎండాకాలంలో కొంచెం ఉప్పగా మారతాయి, తాగడానికి క్యానే.

ఇక అక్టోబరు వస్తే అందరి చెవులూ వార్తల మీదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం అమెరికాలో ఉండి ఫోన్లు కలవక గిలగిల్లాడాం. ఇక్కడున్నవాళ్ళు మాత్రం ఆ కథ ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు, ఎవరింటి రేకు ఎవరి పెరట్లో పడింది, ఎన్ని రోజులు కరెంటు లేదు, కొవ్వొత్తి ఎంత పలికింది. పోయినేడు వాయుగుండం అనగానే పిన్నిగారు మాకు చెప్పకుండానే మా పెరట్లో కుండీలన్నీ లోపల పెట్టించేసి, ట్యాంకు నింపించేసి, "టెన్షన్ పడకండి, ఇది ఒరిస్సా పోతాది" అన్నారు. అటే పోయింది. ఎలా తెలిసిందంటే గాలి వాసనబట్టి అన్నారు, నేను నమ్మాను.

పొలం సంగతి చెబుతానన్నాను కదా. మా పెదనాన్నగారబ్బాయి ఒకాయన పద్మనాభం దగ్గర ఉంటారు. వచ్చిన ఏడాదే ఒక ఆదివారం మమ్మల్ని కారెక్కించుకుని తీసుకెళ్ళి ఒక గరువు (మెరక పొలం) చూపించారు. ఎకరం పైన ఉంటుంది, జీడిమామిడి చెట్లు, గట్టున వరసగా తాటిచెట్లు, మధ్యలో ఒక పనస. దూరంగా కొండ. మావారు ఆ తాటిచెట్ల కింద నిలబడి ముంజులు తింటున్నప్పుడు ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది, మనసులో అక్కడ ఇల్లు కట్టేశారని. నాక్కూడా కట్టాలనిపించింది, అబద్ధమెందుకు.

కానీ ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి గానీ, తోటలు గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొనడానికి మాత్రం లేదు. అన్నయ్యకి అదే చెప్పాను. ఆయనకి అదొక సమస్యగానే అనిపించలేదు. "నా పేరు మీద రాయించుకుందాంలే, అనుభవించేది మీరే కదా, కాగితం ఎవరి పేరు మీదుంటే ఏముంది" అన్నారు. చాలామంది చేస్తున్నదే, ఆయన తప్పుగా ఏమీ అనుకుని అనలేదు. మా డబ్బుతో ఆయన పేరు మీద కొనడాన్ని బినామీ అంటారు, 1988 నాటి చట్టాన్ని 2016లో బాగా బిగించారు, భూమి ప్రభుత్వం తీసేసుకోవచ్చు, పైగా ఏడేళ్ళదాకా జైలు. ఇదంతా మెల్లగా, నవ్వుతూ చెప్పడానికి ప్రయత్నించాను. ఆయన చివరిదాకా విని "అంటే నా మీద నమ్మకం లేదన్న మాట" అన్నారు.

చట్టం గురించి మాట్లాడుతున్నానని నేననుకున్నాను, ఆయన రక్తసంబంధం గురించి వింటున్నారు. ఇంటికి వచ్చేదారిలో కారులో ఎవరం మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి వాళ్ళింటి నుంచి అరిసెలు రాలేదు. వదిన ఫోన్ చేసింది గానీ అరిసెలు రాలేదు. పోయిన సంక్రాంతికి వచ్చాయి, కాబట్టి పరవాలేదు, కానీ ఆ గరువు మాట మాత్రం ఇద్దరం ఎత్తం. దాన్ని తర్వాత ఎవరో కొనుక్కుని లేఅవుట్ వేశారట. పనస కొట్టేశారు.

ఫ్లాటో, ఇంటి స్థలమో అయితే మాలాంటివాళ్ళూ కొనుక్కోవచ్చు, అందుకు అడ్డం లేదు. సముద్రం కనబడే ప్లాట్లు ఉన్నాయని వారానికో బ్రోకరు ఫోన్ చేస్తాడు. సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉంటాయి, ఏది కట్టొచ్చో ఏది కట్టకూడదో చూసుకోవాలి కదా అంటే, అవతలివాళ్ళు "అవన్నీ చూసుకుంటాం మేడమ్" అంటారు. ఏం చూసుకుంటారో చెప్పరు. నా సలహా అడిగేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, కొనకండి, అద్దెకుండండి. ఏడాది కాదు, కనీసం ఒక పూర్తి ఎండాకాలం, రెండు తుఫాను సీజన్లు. ఇక్కడ మామూలుగా పదకొండు నెలలకే అగ్రిమెంటు రాసుకుంటారు. ఆ పదకొండు నెలలు ఎంత మంచి గడువో! మన ఊరే కదా అని కొనేసి, తర్వాత పడక, అమ్ముడూ పోక, పిల్లలకి తలనొప్పిగా వదిలేసినవాళ్ళని ముగ్గురిని చూశాను. మన ఊరు అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. పనామా అయితే ఎవరైనా దిగిన నెలకే ఇల్లు కొంటారా? ఫారినర్ ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంత జాగ్రత్తగా ఇక్కడా ఉండాలి, ఎందుకంటే మనం ఫారినర్లమే.

టాక్సుల గురించి పొట్టిగా చెప్పేస్తాను, నాకే బోరు. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఉంటే ఇక్కడ రెసిడెంట్. కానీ చాలా ఏళ్ళు బయట ఉండి వచ్చినవాళ్ళకి మొదటి రెండు మూడేళ్ళు ఆర్ఎన్ఓఆర్ అనే మధ్య హోదా ఉంటుంది, ఆ కాలంలో బయటి ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు, దాన్ని వృథా చేసుకోకండి. ఉండిపోవడానికి వచ్చేస్తే ఎన్ఆర్ఈ ఖాతాని (విదేశాల్లో ఉండేవాళ్ళకిచ్చే బ్యాంకు ఖాతా) మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. అమెరికా పౌరులు ఏ ఊళ్ళో ఉన్నా అమెరికాలో రిటర్న్ వెయ్యాల్సిందే, బయటి ఖాతాల్లో కలిపి 10,000 డాలర్లు దాటితే అది కూడా చెప్పాలి. వాళ్ళ ఏడాది జనవరిలో మొదలవుతుంది, మన ఏడాది ఏప్రిల్‌లో, ఈ రెంటి మధ్య మావారి ఎక్సెల్ షీట్ నలిగిపోతుంటుంది. ఆయన సంతోషంగానే ఉన్నారు.

ఆరోగ్యం మాత్రం పొట్టిగా చెప్పలేను. మెడికేర్, అంటే 65 నిండినవాళ్ళకి అక్కడి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, మామూలుగా అమెరికా బయట పనికిరాదు. అలాగని 65 నిండినప్పుడు అందులో డాక్టరు ఖర్చులకిచ్చే పార్ట్ బి తీసుకోకుండా వదిలేస్తే, తర్వాత ఎప్పుడైనా తిరిగెళ్ళి తీసుకునేటప్పుడు ఆలస్యమైన ప్రతి ఏడాదికీ పది శాతం చొప్పున జీవితాంతం ఎక్కువ కట్టాలి. మావారికింకా నాలుగేళ్ళుంది, ఆ చర్చ ఇంట్లో వారానికోసారి అవుతుంది. ఇక్కడ తీసుకున్న ఇన్సూరెన్స్‌లో ఆయన బీపీకీ, నా షుగర్‌కీ మూడేళ్ళు ఆగాలి. అందుకని మూడేళ్ళకి సరిపడా డబ్బు పక్కన ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని, ఇదే మన ఇన్సూరెన్స్ అనుకున్నాం.

మొన్న జనవరిలో ఒక రాత్రి ఒంటిగంటకి ఆయన గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. 108కి చెయ్యాలో కారు తియ్యాలో తెలియక నేను గుమ్మంలో నిలబడిపోతే, చప్పుడుకి లేచిన పిన్నిగారబ్బాయి లుంగీ మీదే వచ్చి కారు తాళాలు నా చేతిలోంచి లాక్కుని బీచ్ రోడ్డు మీద ముప్పావుగంట దారి అరగంటలో లాగించేశాడు. ఆ దారిలో వెన్నెల ఉందో లేదో కూడా నాకు గుర్తులేదు, పగలు ఎన్ని ఫొటోలు తీశానో ఆ దారికి! గ్యాసే, ఇంకేం కాదు. కానీ తెల్లారగట్ల తిరిగొస్తుంటే మొట్టమొదటిసారి నాకు ఎడిసన్‌లో ఇంటికి ఐదు నిమిషాల దూరంలో ఉన్న ఎమర్జెన్సీ రూము గుర్తొచ్చింది. చిన్న ఊరంటే ఇదీ. ఆ అరగంటని లెక్కలో వేసుకోగలిగినవాళ్ళే రావాలి. అక్కడ లుంగీ మీద వచ్చేవాళ్ళు ఉండరు, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చి, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించేదాకా ఉన్నారు. సాయంత్రాలు అటువైపు నడకకి వెళ్ళినప్పుడు ఆ రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు చూస్తుంటాను, చదవడం రాదు. వాళ్ళకీ ఇక్కడ చేపలు నచ్చి ఉంటాయా, ఉక్కకి ఏం కట్టుకునేవాళ్ళు, ఉప్పు గాలికి వాళ్ళ పెట్టెల తాళాలు పట్టేసేవా అని ఏవేవో అనుకుంటుంటాను. మావారు మాత్రం "మనకంటే నయం, ఆధార్ అడిగి ఉండరు" అంటారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలు అక్క బుట్టలో ఎండు నెత్తళ్ళూ, తెప్పల మీద దొరికిన కాసిన్ని కవ్వళ్ళూ తప్ప ఏమీ ఉండవు, వంజరం ధర అడక్కూడదు. నిషేధం ముగిసిన మర్నాడు మాత్రం వీధి మొదట్నుంచే గొంతు వినబడుతుంది. ఈసారి వచ్చి బుట్ట దించి, పీతలు ఏరుతూ "మళ్ళీ ఆ దేశం ఎల్లిపోతారంటగా?" అంది. పిల్లల దగ్గరికి రెండు నెలలు వెళ్ళొస్తామన్న మాట అప్పటికే ఊరంతా తిరిగినట్టుంది. రెండు నెలలేనే, మళ్ళీ వచ్చేస్తాం అన్నాను. "అందరూ అలాగే అంటారు" అని పీతలు తూచి, ఫోన్‌పే మోగిందాకా ఆగి, ఇంకో పీత ఊరికే వేసింది.

థాంక్యూ అనబోయి ఆపుకున్నాను. ఆవిడ చూసేసింది.

అగ్రిమెంటు వచ్చే నెలతో అయిపోతుంది. ఈసారి 14 వేలు చేద్దామా అని పిన్నిగారు మావారితో మొహమాటంగా అన్నారట. ఆయన మొదటిసారి బేరమాడారు, 13,500కి తెగింది. ఇద్దరూ తెగ సంతోషంగా ఉన్నారు.